ఇద్దరు బాలింతల నడికట్టు

నేను ఒక చీరలో సగం. మిగతా సగం ఏమైందో నాకు తెలియదు. బండారులంకలో ఒక మగ్గం మీద పుట్టాను. మండపేటలో ఒక ఇల్లాలు మెత్తబడేదాకా నన్ను కట్టింది. కొత్తగా ఉన్నంతకాలం నన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. చిరుగు పట్టాకే నాకు గౌరవం వచ్చింది. మనుషుల తీరే అంత. పండక్కి కొత్తబట్ట కావాలి, పసిపిల్లకీ బాలింతకీ పాతగుడ్డ కావాలి.

ఆ ఇల్లాలు నన్ను నిలువునా చింపి తన కోడలు సుభద్రమ్మకు నడికట్టు కట్టింది. కన్నాక పొట్ట ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. మనుషులు ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇల్లులా ఉంటుంది. దాన్ని దగ్గరికి లాగి బిగించి పట్టుకోవడమే నా ఉద్యోగం. సుభద్రమ్మ కొడుకు శేషగిరి పుట్టినప్పుడు ఆ ఉద్యోగం చేశాను. తర్వాత నన్ను ఉతికి, వేపాకు వేసి, ట్రంకుపెట్టెలో పెట్టారు. శేషగిరికి పెళ్ళై, తండ్రి అయ్యేదాకా మళ్ళీ వెలుతురు చూడలేదు.

పెట్టె తెరిచిన రోజే నేరం జరిగిపోయింది. కత్తీ లేదు, నెత్తురూ లేదు. అలవాటు చేసిన నేరం.

సుభద్రమ్మ నన్ను దులిపి పురిటి గదిలోకి తెచ్చింది. లోపల ఇద్దరు ఆడవాళ్ళు, ఒక్క ఆడపిల్ల. ఆవిడ అలవాటు కొద్దీ కోడలు ప్రసూనను పిలిచింది.

"ఇలా రావే. చేతులు పైకెత్తు."

ప్రసూన చేతులెత్తి నిలబడింది. నేను ఒక చుట్టు తిరిగాను. ఆ పొట్ట పలకలా బిగువుగా ఉంది. అక్కడ నాకు పని లేదని వెంటనే తెలిసింది. సుభద్రమ్మకు రెండో చుట్టులో తెలిసింది.

"నా మతి మండిపోను! నీకేముందే బిగించడానికి?" అంటూ నన్ను విప్పేసింది.

ప్రసూన చేతులు దించడం మరిచిపోయింది.

ఆమెకు జబ్బు చేసి డాక్టర్లు గర్భసంచి తీసేశారు. ఆస్పత్రిలో పిండం పెట్టించుకుని, ఆ భార్యాభర్తల బిడ్డను తన కడుపున మోసి కన్నది రత్నం. ప్రసూనకు పెదనాన్న కూతురు. ఊరు పాలకొల్లు. ఆమె కొడుక్కి అప్పటికే మీసాలొచ్చాయి, హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. "నీ బిడ్డే కదా అమ్మడూ. కొన్నాళ్ళు నా దగ్గరుంటుంది, అంతేగా" అని ఒప్పుకుంది. ఇందులో దాపరికమేమీ లేదు, వీధి వీధంతా ఎరుగుదురు. పురుడు మాత్రం తనింట్లోనే పోస్తానని సుభద్రమ్మ పట్టుబట్టింది. "ఇద్దరు బాలింతలు, ఒక్క పిల్ల! మా అత్తగారు కూడా ఇలాంటి పురుడు పోసి ఎరగదమ్మా" అని చూడ్డానికి వచ్చినవాళ్ళందరితోనూ చెప్పేది.

నేను రత్నం నడుముకు మారాను.

రత్నం షరతు ఒక్కటే. పిల్లకు రొమ్ము ఇవ్వదు. "నోరు పట్టిందంటే నేను వదల్లేనండీ అత్తయ్యగారూ" అంది. ఆమె పాలు పిండి ఇస్తే ప్రసూన ఉగ్గుగిన్నెతో పట్టేది. పిండేటప్పుడు జారిన చుక్కలన్నీ నేనే తాగాను. నూనె, చెమట, సాంబ్రాణి, పాలు. చూస్తూండగానే నాకు రత్నం వాసన పట్టేసింది.

అదే కొంప ముంచింది. పిల్ల ప్రసూన చేతిలో పాలు తాగి, తాగగానే గుక్కపట్టేది. రత్నం పక్కకు చేరిస్తే చాలు, నా అంచుకు ముక్కు ఆనించి నిద్రపోయేది.

"దానికి తల్లి వాసన తెలుసే" అని మెచ్చుకుంది సుభద్రమ్మ. చెడ్డమనిషి కాదు ఆవిడ. మనసుకీ నోటికీ మధ్య తలుపు లేని మనిషి.

ప్రసూన ఆ పూట నుంచి పిల్లను ఎత్తుకోవడం మానేసింది. పాలు పట్టి, దించేసి, గడప దగ్గర కూర్చునేది. రత్నంతో పాటు పత్యం మాత్రం తినేది.

"నీకెందుకే ఆ కారప్పొడి అన్నం? నువ్వు కన్నావా ఏంటి?" అంది అత్తగారు.

"తిననివ్వండి. ఆ బాలింత కాయం ఉండలు కూడా కాసిని దానికే పెట్టండి, మీకు పుణ్యముంటుంది" అంది రత్నం.

ప్రసూన నవ్వింది. నవ్వుతూనే కంచంలోకి వంగి ఏడ్చింది.

"నువ్వే ఉంచేసుకో అక్కా. అది నిన్నే అడుగుతోంది. దానికి నేనెవర్ని?"

నా కింద రత్నం పొట్ట ఒక్కసారిగా బిగుసుకుంది. ఆ క్షణంలో ఆమె 'సరే' అనబోయింది. దానికి నేను తప్ప వేరే సాక్షి లేదు.

"పిచ్చి వాగుడు వాగకు. అన్నం తిను" అంది.

మర్నాడు రత్నం నన్ను విప్పి ప్రసూనకు కట్టింది. పిల్లను ఆ పొట్ట మీద బోర్లా పడుకోబెట్టింది. పిల్ల నన్ను వాసన చూసి నిద్రపోయింది. సుభద్రమ్మ సంబరపడి దిష్టి తీసింది.

"అది నా మీద పడుకోలేదక్కా, నీ మీదే పడుకుంది" అంది ప్రసూన.

రత్నం నా వంక చూసింది. ఇంట్లో దూరిన దొంగను చూసినట్టు చూసింది.

పురుడు వెళ్ళిన రోజున గదిలో బట్టలన్నీ మూటకట్టి ఉతికే మంగమ్మకు వేశారు. నన్ను వెయ్యొద్దని సుభద్రమ్మ హుకుం. "ఉతికితే వాసన పోద్ది. పిల్ల ఊరుకోదు." ఆ హడావుడిలో రత్నం నన్ను తన సంచిలో చీరల అడుగున కుక్కింది. పిల్ల దగ్గరికి వెళ్ళలేదు. గుమ్మం బయటి నుంచే "వెళ్ళొస్తాను" అనేసి, శేషగిరి మాట్లాడిన కారెక్కింది.

పాలకొల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇంట్లో ఎవరూ లేరు. భర్త చేపల చెరువు కాపలాకు వెళ్ళాడు. రత్నం తలుపు మూసి నన్ను బయటికి తీసింది. నడికట్టు ఒంటరిగా కట్టుకునేది కాదు. ఒకరు కొస పట్టుకుంటే ఒకరు తిరగాలి. ఆమె నా కొసను తలుపు గొళ్ళేనికి ముడివేసి తనే గుండ్రంగా తిరిగింది.

అప్పుడే ఫోను మోగింది.

"అక్కా! నడికట్టు కనపడట్లేదు. నీ సంచిలో గాని వచ్చిందేమో చూడవా? ఇది గుక్క తిప్పుకోవట్లేదు. ఆయన బండి మీదొచ్చి పట్టుకొస్తారు."

వెనక నుంచి పిల్ల ఏడుపు. రత్నం నా మీద చెయ్యి వేసుకుంది.

"లేదమ్మడూ. మంగమ్మ మూటలో వేసేశాను. ఈపాటికి ఉడకేసి ఉంటుంది."

"అయ్యో, ఎందుకేశావక్కా! ఇప్పుడెలా?"

"ఎత్తుకో."

"నా దగ్గరుండదక్కా."

"ఎత్తుకోవే అంటున్నాను! రవిక తీసేసి గుండెల మీద వేసుకో. నీ ఒంటి వెచ్చదనం తగలాలి దానికి. కూర్చోకు, నడుస్తూ ఉండు. ఏదో ఒకటి మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"నన్ను తిట్టు."

ప్రసూన తిట్టింది. మొదట మెల్లగా, తర్వాత నిజంగానే. పిల్ల మొహమైనా చూడకుండా పోయావు, నువ్వు రాయివి, నువ్వసలు మనిషివేనా అంది. పిల్ల ఏడుపూ ఆమె ఏడుపూ కలిసిపోయాయి. రత్నం గోడకు చేరబడి వింటోంది. విన్నకొద్దీ పాలు పొంగి నేను తడిసి ముద్దయ్యాను.

చాలాసేపటికి ఒక ఏడుపు ఆగింది. కాసేపటికి రెండోది.

"పడుకుంది" అంది ప్రసూన, గుసగుసగా. "అక్కా, నా మీదే పడుకుంది. చొంగ కారుస్తోంది."

"మంచిది. కదలకు."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"ఇప్పట్లో రాను. నువ్వూ కొన్నాళ్ళు ఫోను చెయ్యకు."

రత్నం ఫోను పెట్టేసి నన్ను విప్పింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, చాకలిసోడా వేసి, నన్ను అందులో ముంచింది. కట్టెతో తిప్పుతూ కూర్చుంది, చెప్పిన అబద్ధం నిజమయ్యేదాకా.

ఆరాక మళ్ళీ కట్టుకుంటుందనుకున్నాను. కట్టుకోలేదు. నన్ను ముక్కలు చేసి మసిగుడ్డగా వంటింట్లో మేకుకు తగిలించింది. ఆ మేకునే ఉన్నాను. అన్నం గిన్నె దించాక ఒక్కోసారి నన్ను ముఖానికి ఆనించుకుని నిలబడిపోతుంది. నా దగ్గర గంజి వాసన తప్ప ఇంకేమీ లేదు.