బోర్లించిన కప్పు

పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో అసలు పార్లమెంటు కాఫీ హోటళ్లేనని చెప్పి వనిత బోర్డు వైపు తిరిగిందో లేదో, వెనక బెంచీ నుంచి కవిత చెయ్యెత్తింది.

"మేడమ్, అండ్ల ఆడోళ్లు గూడ కూసుందురా?"

చేవెళ్ల ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వనితకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే. ఒక పెన్నీ పారేస్తే చాలు, ప్రభువైనా దర్జీ అయినా ఒకే బల్ల దగ్గర కూర్చుని పేపరు చదవొచ్చు, మంత్రిని తిట్టొచ్చు. విందుల్లో ఎవరి పేరు మీదైనా గ్లాసెత్తితే అందరూ తాగాల్సిందే, తాగనివాడు శత్రువు కింద లెక్క.

"గల్లా దగ్గర ఒకామె ఉండేది. కాఫీ పోసేది" అంది వనిత.

"మన అంజిలయ్య హోటల్ లెక్కనే అన్నట్టు" అంది కవిత. క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్లదీ వనితదీ ఒకే ఊరు, చిన్న మంగళారం. "ఇయ్యాల బడి గ్రౌండ్ ముచ్చట తెగేది గూడ ఆడనే గద మేడమ్? మీకెరుకనే గద?"

వనితకు ఎరుక లేదు. ఒళ్లు భగ్గున మండింది. ఎందుకు మండదు? పంచాయతీలో ఆడవాళ్లకు కేటాయించిన వార్డులో నిలబడి ఓట్లడిగింది తను, గెలిచింది తను. ఊరు మెంబర్ సాబ్ అని పిలిచేది మాత్రం తన మొగుడు గోవర్ధన్‌ని! హైటెక్ సిటీ జీతాలు మొయినాబాద్ దాకా పొంగుకొచ్చి జొన్నచేలన్నీ ఫామ్‌హౌస్‌లవుతున్న రోజులవి. ప్లాట్లమ్మే జైపాల్ తన వెంచర్‌కు దారి కావాలని బడి ఆటస్థలం మీద కన్నేశాడు. అది దారికి పోతే పిల్లలకు మిగిలేది గోడ పక్కన గజం మట్టి.

పంచాయతీ ఆఫీసులో తీర్మానం రాస్తారంతే, నిర్ణయం జరిగేది హోటల్లో. అక్కడొక పద్ధతుంది. మాట ఒక కొలిక్కి రాగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ చాయ్ వస్తుంది. తాగితే ఒప్పుకున్నట్టు. ఇష్టం లేనివాడు కప్పు సాసర్లో బోర్లిస్తాడు, ఒక్క కప్పు బోర్లినా మాట తెగనట్టే. ఆడవాళ్లకు కిటికీలోంచి బయటి బెంచీ మీదికి అందిస్తారు. ఆ చాయ్ తాగినా బోర్లించినా లెక్కా లేదు, పత్రమూ లేదు.

సాయంత్రం బస్సు దిగేసరికి గోవర్ధన్ బండి హోటల్ ముందే ఉంది. వనిత బెంచీ వైపు చూడను కూడా చూడకుండా లోపలికి నడిచి, ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

అబ్బ, ఏం మర్యాద! ఒక్కడూ కసురుకోలేదు. ఒకడు బీడీ ఆర్పాడు, ఒకడు పంచె సర్దుకున్నాడు. గోవర్ధన్ ఒక్కడే పళ్లు బిగబట్టి, "ఇంటికి పో, నేనొస్త" అన్నాడు.

"పోను. చెప్పుకోండ్రి, నేను గూడ వింట."

ఊరి పెద్ద నర్సింహులు నవ్వాడు. "కూసోనీ గోవర్ధన్. ఆడబిడ్డ మన బల్లకాడికొచ్చింది. అంజిలయ్యా, వనితమ్మకు గూడ ఒక చాయ్ పొయ్యి!"

జైపాల్ వెంచర్ నక్షా కాగితం పరిచి చాలాసేపు తియ్యతియ్యగా మాట్లాడాడు. సాఫ్ట్‌వేరోళ్లు వస్తరన్నాడు, ఊరి పోరగాళ్లకు నౌకర్లన్నాడు. అందరూ తలలూపారు. ఇంత మెత్తగా, ఇంత నవ్వుకుంటూ బడిని మింగేస్తున్నారే అనుకుంది వనిత. చాయ్ వచ్చింది. ఆ గ్రౌండ్‌లోనే కబడ్డీ ఆడి జిల్లా దాకా పోయిన గోవర్ధన్, అందరికంటే ముందు తాగేశాడు.

"తాగుండ్రి మేడమ్, చల్లారుతది" అన్నాడు జైపాల్.

వనిత కప్పు అందుకుని నిండు చాయ్‌తోనే సాసర్లో బోర్లించింది. చాయ్ పొంగి నక్షా మీదికి పారింది. జైపాల్ దిగ్గున లేచాడు.

"గిదేంది పెద్దయ్యా! ఆడోళ్ల కప్పు గూడ లెక్కలకొస్తదా? మర్యాదకు పోయించిండ్రు, గంతే గద!"

"మర్యాదకే పోయించిండ్రు, నాకెరుకనే" అంది వనిత. "నేను తాగుత, ఇంటికి పోత అనుకున్నరు. ఓట్లేసి గెలిపించినా మీ బల్లకాడ జాగ లేదు నాకు. అడుగుతున్న, ఇది లెక్కనా, కాదా?"

నర్సింహులు బోర్లిన కప్పు వైపు చూశాడు. ఆ పద్ధతి మీదనే ఇన్నాళ్లూ ఊరి తగువులు తెంపిన మనిషి. దాన్ని కాదంటే తన పెద్దరికమే కాదన్నట్టవుతుంది.

"నా నోటితోనే చెప్పి పోయించిన" అన్నాడు విసుగ్గా. "కప్పు బోర్లింది. మాట తెగలే. నక్షా తీస్కపో జైపాల్."

కుర్చీలు చప్పుడు చేశాయి. ఎవరూ వనిత వైపు చూడలేదు. గోవర్ధన్ మాత్రం బండి తాళాలు పిడికిట్లో నలుపుతూ ముందుకు వంగాడు.

"నా ఇజ్జత్ తీసినవ్. రేపటి సంది లోపలికొస్తే చూడు. నీకు చాయ్ బయట్నే ఇస్తరు."

వనిత అతని ముందున్న ఖాళీ కప్పు చూసింది. అడుగున చుక్క కూడా మిగల్లేదు.

"బయటిస్తే బయట్నే బోర్లిస్త" అంది.