ఆకాశంలోంచి చూస్తే గట్టుపేట

రేపల్లె కాలవగట్టు మీద నలభై రెండు ఇళ్లున్నాయి. ఏ ఇంట్లో చంటిపిల్లకి టీకా పడాలో, ఎవరికి షుగరు పెరిగిందో ఆశా కార్యకర్త రాహేలుకి కంఠోపాఠం. ఆకాశంలోంచి ఫొటో తీసిన యంత్రానికి మాత్రం ఒక్క ఇల్లూ కనపడలేదు. ఊళ్లో ఎక్కడ ఎంతమంది ఉన్నారో, ఎవరికి ఆసుపత్రి దూరమో కొలుస్తూ గీసిన మ్యాపులో గట్టుపేట మీద పచ్చరంగు పూసి ‘తోట’ అని రాశారు. తోటకి ఆసుపత్రి ఎందుకు? గట్టుకి రావలసిన ఆరోగ్య కేంద్రం మేడలున్న వార్డుకి పోయింది.

ఫొటో తీసింది నిరుడు మే నెలలో. రేకుల ఇళ్లు పెనంలా కాలుతుంటే, వడదెబ్బ తగలకుండా పైన తాటాకులు కప్పుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది రాహేలే. పైనుంచి చూసిన యంత్రానికి ఆ పచ్చి ఆకులే తోటలా కనపడ్డాయి. తన నోటితోనే ఒక పేటని మాయం చేసినట్టయింది. తలుచుకుంటే ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండేది.

ఏప్రిల్లో బాపట్ల వెళ్లి, మ్యాపుల పని చూసే జనార్దనరావు ఎదుట నిలబడింది.

"ఇళ్లున్నాయి సార్, నేను రోజూ తిరుగుతానండి. జకరయ్య బాబాయి కాలిపుండుకి కట్టు మార్పించుకోటానికి తెనాలి రైలెక్కుతున్నాడండి."

"నువ్వు తిరిగితే చాలదమ్మా, మ్యాపులో కనపడాలి. వచ్చే నెల మళ్లీ తీస్తారు. ఆ ఆకులు పీకించెయ్" అన్నాడాయన తలెత్తకుండానే.

జకరయ్య భార్య మంగాయమ్మ విని నోరెళ్లబెట్టింది. "కప్పమన్నదీ నువ్వే, పీకమంటున్నదీ నువ్వేనా అమ్మాయ్?"

"ఈ ఒక్క ఎండాకాలం ఓర్చుకోండి పిన్నీ. ఆసుపత్రి గుమ్మంలోకొస్తుంది."

రాహేలు చెప్పిందంటే ఊరికే చెప్పదని పేటంతా ఆకులు పీకేసింది. మే నెలంతా జకరయ్య తడిగుడ్డ గుండెల మీద వేసుకుని కటికనేల మీద పడుకున్నాడు.

జులైలో కొత్త మ్యాపు వచ్చింది. నలభై రెండు కప్పులూ తళతళా కనపడ్డాయి. అంతే స్పష్టంగా, అవన్నీ ప్రభుత్వపు కాలవ స్థలంలో ఉన్నాయనీ కనపడింది. పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యమని నోటీసులు తయారయ్యాయి. "ఇల్లిల్లూ తెలిసినదానివి, నువ్వే పంచిపెట్టు" అన్నాడు జనార్దనరావు. కొరివితో తల గోక్కున్నానే అనుకుంది రాహేలు. పరాయివాడెవడో విసిరికొట్టి పోతాడేమోనని కట్ట తనే అందుకుంది.

చదువురాని మంగాయమ్మ, కాయితం మీద గుండ్రటి సీలు చూసి మొహం విప్పార్చుకుంది.

"ఆసుపత్రి కాయితమేనా అమ్మాయ్? ఏవయ్యో, లెగు! మనకి ఆసుపత్రి ఇచ్చారంట!"

జకరయ్య కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు.

"వందనాలమ్మా రాహేలూ. ప్రభువు నీ చేత ఎంత మేలు చేయించాడు! ఏం రాశారో చదువు తల్లీ, చెవులారా వింటాను."

రాహేలు చదివింది.