ఊఁ కొట్టే సభ

ఇంటర్నెట్‌కు కట్టుబాట్లు రాసే ఆ సభలో ఓట్లు లేవు, చేతులెత్తడాలు లేవు. అధ్యక్షురాలు ప్రశ్న అడిగితే, సరేననేవాళ్లు నోరు మూసుకుని గొంతులోనే ఊఁ కొట్టాలి. ఎవరన్నారో తేలకూడదు. పెద్ద దేశాల మొహం చూసి చిన్నవాళ్లు మాట మార్చుకోకుండా పెట్టుకున్న ఏర్పాటది.

సంగతి తెలిసి కూడా, ఓ దేశ బృందానికి నాయకుడిగా వచ్చిన పెద్దసారు నలభైమందిని వెంటబెట్టుకొచ్చారు.

పన్నెండేళ్ల కిందట ఇదే హాలుకు ఆయన ఒక్కరే వచ్చి, వెనక వరసలో కూర్చుని, ఓ ప్రతిపాదన పెట్టి కాదనిపించుకుని పోయారు. మీ దేశంలో నెట్ వాడేవాళ్లు ఎంతమందని, పెరిగాక రమ్మన్నారట. పెరిగారు. ఇప్పుడు టీ బల్ల దగ్గర పెద్ద దేశాలవాళ్లే జరిగి ఆయనకు చోటిస్తున్నారు. నడకలోనే తేడా వచ్చింది. ముందురోజు హోటల్లో నలభైమందినీ నిలబెట్టి, బడిపిల్లలతో ఎక్కాలు వల్లె వేయించినట్టు ఊఁ వల్లె వేయించారు.

సభ ముందున్న ముసాయిదా ఆయన బృందంలోని ఇంజనీరమ్మ ఆరేళ్ల కష్టం. ఎవరి అక్షరాల్లో వాళ్లు పెట్టుకున్న మెయిల్ చిరునామాను ఏ వెబ్‌సైటూ తోసిపుచ్చకూడదన్నదే దాని సారం. వాళ్లమ్మది కుట్టుపని. షాపు పేరుతో సొంత లిపిలో చిరునామా తీసుకుని బోర్డు మీద కూడా రాయించుకుంది. తీరా గుడ్డ తెప్పించుకుందామని ఓ వెబ్‌సైట్‌లో ఫారం నింపితే, చెల్లదని ఎర్రక్షరాలు. "నా షాపు పేరు నా అక్షరాల్లో చెల్లదా? మరి నేను చెల్లుతానో లేదో, అదీ కనుక్కో" అంది కూతురితో. కూతురు కనుక్కోవడానికి బయల్దేరి ఇంతదూరం వచ్చింది.

ముసాయిదాలో పెద్దసారు చేర్పించిన వాక్యం ఒకటుంది. మొదటి విడతలో కోటిమందికి పైగా వాడే లిపులకే ఈ వెసులుబాటు. పని త్వరగా తెములుతుందన్నారు. ఇంజనీరమ్మ మింగలేక మింగింది.

ప్రశ్న అడిగారు. ఓ మూల దద్దరిల్లింది. అధ్యక్షురాలు నవ్వి, చప్పుడు బాగానే ఉంది కానీ అంతా ఒక్క వైపు నుంచే వచ్చిందని, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమని అంది. సరైన అభ్యంతరం ఒక్కటున్నా, దానికి జవాబు చెప్పేదాకా ముసాయిదా కదలదు. కదలకపోతే మళ్లీ ఏడాదికే.

వెనక వరసలోంచి ఓ చిన్న దేశపు బడిపంతులు లేచాడు. ఒంటరిగా వచ్చాడు.

"మా అక్షరాలు రాసేవాళ్లం నలభైవేలమంది. కోటి ఎప్పటికవుతామో మీరే లెక్కగట్టి చెప్పండి, అప్పుడే వస్తాను."

హాలంతా నవ్వింది. పెద్దసారు మాత్రం నవ్వలేదు.

జవాబుకు పావుగంట గడువిచ్చారు. మంచినీళ్ల మిషన్ దగ్గర ఇంజనీరమ్మ ఆయన్ను పట్టుకుంది.

"సార్, ఆ కోటి తీసేద్దాం."

"ఒక్కక్షరం మార్చొద్దని పైనుంచి చెప్పారమ్మా. మారిస్తే నన్నడుగుతారు."

"మార్చకపోతే నన్ను మా అమ్మ అడుగుతుంది. పైవాళ్లకైతే మీరు రిపోర్టు రాసి పంపుతారు. మా అమ్మ రిపోర్టులు చదవదు సార్."

ఆయన గ్లాసు నింపుకుని వెనక వరసలోని పంతులు వైపు చూశారు.

"అతను కూర్చున్న కుర్చీ కాలు ఊగుతోంది, చూశావా?"

"చూశాను. కాగితం మడిచి కింద పెట్టుకున్నాడు."

"నేనూ అలాగే పెట్టుకున్నాను. పన్నెండేళ్లయినా బాగుచేయించలేదు వీళ్లు. పెన్నివ్వు."

ఆ వాక్యాన్ని ఆయన తన చేత్తోనే కొట్టేశారు. తర్వాత నలభైమందినీ పిలిచి, ఈసారి తలో మూలకు పోయి కూర్చోమని, నచ్చితేనే ఊఁ అనమని చెప్పారు. తాను పోయి పంతులు పక్కన కూర్చున్నారు.

రెండోసారి అడిగితే, పిండిమర ఆడినట్టు నలువైపుల నుంచీ లేచింది ఊఁ. అభ్యంతరమేమైనా ఉందా అంటే ఎవరూ లేవలేదు. ఎవరన్నారో తేలకూడదు కానీ, వెనక వరసలోంచి వచ్చిన ఓ బొంగురు గొంతు ఎవరిదో నలభైమందికీ తెలిసిపోయింది.

సాయంత్రం ఇంజనీరమ్మ అమ్మకు వీడియో కాల్ చేసి జరిగిందంతా చెప్పింది.

"అయితే రేపు ఫారం నింపనా?"

"రేపే కాదమ్మా. అందరూ మార్చుకునేసరికి ఏడాదైనా పడుతుంది."

"సర్లే, ఇన్నాళ్లు ఆగినదాన్ని ఇంకో ఏడాది ఆగుతాను. ఆ పంతులుగారి చొక్కా కొలతలు కనుక్కో, కుట్టి పంపుతా. మీ సారువి కూడా. ఆయన పెరిగారన్నావుగా, కాస్త గుడ్డ ఎక్కువే వేస్తాను."

పక్కనే ఉన్న పెద్దసారు, ఫోన్లో కనిపిస్తున్నానేమోనని పొట్ట లోపలికి లాక్కున్నారు.