పెత్తనం ఎవరికి కావాలి?

కుట్టు షెడ్డులో అందరూ ఆమెను మైకమ్మ అనేవారు. ఆస్పత్రుల్లో వేసుకునే తెల్లకోట్లు కుట్టే ఆ షెడ్డుకు ఆమె సూపర్‌వైజర్. ఆమె గుమ్మం దగ్గర దగ్గితే చివరి మిషను మీదున్నవాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవారు. ఈమధ్య మాత్రం ఎంత అరిచినా పని ఊపందుకోవడం లేదు. కాలర్లు వంకర పోతున్నాయి. టీకి వెళ్లినవాళ్లు తిరిగి రావడం మరిచిపోతున్నారు.

ఒక సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఈ గోడంతా కోడలి దగ్గర వెళ్లబోసుకుంది. కోడలు మేనేజ్‌మెంట్ పరీక్షకు చదువుతోంది.

"అరిస్తే పని జరగదు అత్తయ్యా. ఒక్కొక్కరికి మనసులో ఒక్కో అవసరం ఉంటుందట. కొందరికి గెలుపు కావాలి, కష్టమైన పనిస్తే రెచ్చిపోతారు. కొందరికి నలుగురి తోడు కావాలి. కొందరికి పెత్తనం కావాలి. ఎవరికేది కావాలో అదిస్తే చాలు."

"ఓస్, ఇంతేనా. మావాళ్ల సంగతి నాకు తెలియదూ?" అంది మైకమ్మ.

మర్నాడే రంగంలోకి దిగింది. కాజాలు కుట్టే ఆమె చెయ్యి చురుకు. ఆమెకు గెలుపు కావాలని తేల్చి, కాలర్ల పని అప్పగించింది. ఆ గురి తప్పలేదు, కాలర్లు కత్తిలా నిలబడ్డాయి. కటింగ్ మాస్టర్ నోరు పెద్దది. అతనికి పెత్తనమిచ్చి, ఎవరేం చెయ్యాలో చెప్పమంది. ఇస్త్రీ చేసే ఆవిడ రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. పాపం ఒంటరిదనుకుని, ఆమె బల్లను కబుర్ల గుంపు మధ్యకు జరిపించింది.

అంతే, మాస్టర్ నీరుగారిపోయాడు. ఎవరికి పని చెప్పాలన్నా మొహమాటం. "నీకు వీలైతేనే సుమా" అని నసిగి, చివరికి ఆ పనేదో తనే చేసుకునేవాడు. అందరూ తన చుట్టూ చేరి నవ్వే రోజులు పోయాయని దిగులు. ఇస్త్రీ ఆవిడ మొహమైతే ఆమె చేతిలోని పెట్టెకన్నా వేడిగా ఉంటోంది.

పెద్ద ఆర్డరు లారీకెక్కించాల్సిన రోజు ఉదయం మైకమ్మ గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. షెడ్డులో కోట్ల సైజులు కలగాపులగమై గుట్టలు పడి ఉన్నాయి. మాస్టర్ అందరి మొహాలూ చూస్తూ నిలబడ్డాడు. మైకమ్మ చేతులూపింది. ఎవరికీ అర్థం కాలేదు.

ఇస్త్రీ ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"పెద్ద సైజులన్నీ కిటికీ వైపు. చిన్నవి ఇటు. గుండీలు లేనివి నా బల్ల మీద పెట్టండి. మాస్టరుగారూ, మీరు మడతపెడుతూ కబుర్లు చెప్పండి, వీళ్లకి విసుగు రాకుండా." తరువాత మైకమ్మ వైపు తిరిగింది. "మీరు కూర్చుని వేడినీళ్లు తాగండమ్మా."

మైకమ్మ నోరెత్తకుండా కూర్చుంది. ఎత్తడానికి గొంతూ లేదు. మాస్టర్ కబుర్లకు షెడ్డు ఘొల్లుమంటోంది, గుట్టలు కరిగిపోతున్నాయి. లారీ వచ్చేసరికి అట్టపెట్టెలన్నీ కట్టి సిద్ధంగా ఉన్నాయి.

ఇంటికెళ్లాక కోడలి చెవిలో గుసగుసగా చెప్పింది. "పెద్ద నోరున్నవాడికి పెత్తనం కావాలనుకున్నానే. మాట్లాడనిదానికి తోడు కావాలనుకున్నా. రెండూ తిరగబడ్డాయి."

"వాళ్లని అడిగారా అత్తయ్యా?"

"అడగడమెందుకు, నాకన్నీ తెలుసుగా" అంటూనే మైకమ్మకు నవ్వు ముంచుకొచ్చింది. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమెను చూసి కోడలు పుస్తకం పక్కన పడేసి పొట్ట పట్టుకుంది.

ఈసారి మైకమ్మ షెడ్డులో ఒక్కొక్కరినీ ఏం కావాలని అడిగింది. "పని పంచడం నాకివ్వండి" అంది ఇస్త్రీ ఆవిడ సూటిగా. మాస్టర్ బరువు దించుకున్నట్టు ఊపిరి పీల్చుకుని, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతానన్నాడు.

కొన్నాళ్లకు కోడలు షెడ్డు చూడటానికి వచ్చింది. తాను చదివినదంతా కళ్లముందు నడుస్తుంటే గుమ్మంలోనే నిలబడి మురిసిపోతోంది. ఇస్త్రీ ఆవిడ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఊరికే నిలబడ్డావేం అమ్మాయ్? ఇలా వచ్చి ఈ కోట్లు మడతపెట్టు."

కోడలు బిత్తరపోయి అత్త వైపు చూసింది.

"నన్ను చూసి లాభం లేదు. ఇక్కడ నా మాట చెల్లదు" అంటూ మైకమ్మ నవ్వుతూ తనూ ఒక కోటు అందుకుంది.