మర్యాద నీళ్ళు

టాంకరు గొట్టం కింద వరసగా పెట్టిన బిందెల్ని ఇంజినీరు పక్కకి జరిపాడు. చేత్తో కాదు, బూటు కొసతో. నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

"ఇవాళ్టితో టాంకరు ఆఖరు. మీ ఊరి నీళ్ళు పరీక్షలో పాసయ్యాయి. ఇక బోరు నీళ్ళు తాగొచ్చు," అన్నాడు.

మాది సముద్రం ఒడ్డున ఊరు. అటు రేవు వీధి, ఇటు చర్చి వీధి, మధ్యలో బోరు. ఎగువన రసాయనాల కంపెనీ వచ్చాక ఆ బోరు నీళ్ళు నురగ కట్టడం మొదలైంది. రెండు వీధులూ కలిసి హైవే మీద బైఠాయిస్తే ప్రభుత్వం టాంకరు పంపింది. ఇన్నేళ్ళలో మేము గెలిచింది ఆ టాంకరొక్కటే.

బిందెల వెనక నుంచి లీలారాణి ముందుకొచ్చింది. ఆమె మొగుడు స్టాన్లీ తాపీమేస్త్రి. కిడ్నీలు పాడై, శ్రీకాకుళం వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. బోరు నీళ్ళు ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"టాంకరు మానేస్తే మా ఆయన ఏటి తాగుతాడు బాబూ?"

"రిపోర్టు బాగుందని చెప్తున్నాను కదమ్మా. ఆ సీసాలు మీరే నింపి ఇచ్చారు. ఇదిగో, పట్టుకెళ్ళింది ఈవిడే. అడుగు."

జీపు పక్కన షీబా తల వంచుకుని నిలబడింది. విశాఖలో నీళ్ళు పరీక్షించే లేబొరేటరీలో ఉద్యోగం. వేసవిలో వచ్చినప్పుడు చర్చి హాల్లో ఫ్యాను కింద కూర్చుని ఖాళీ సీసాలు పంచి, బోరు నీళ్ళు పట్టి తెమ్మని చెప్పింది. ఆడవాళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆమె తీసుకెళ్ళిపోయింది.

అరసవల్లి వీధుల్లో చేపలమ్మే మరిడమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఓలమ్మా, నువ్వేనేటే ఆ పిల్లవి! ఆ దినం ఎండకి మొకం కందిపోయున్నాది. నీకు బోరు నీరు ఎలగిత్తామే?"

"నాకివ్వడమేంటమ్మా? పరీక్షకి కదా?"

"పరీచ్చంటే తాగి సూడ్డం కాదేటి? పరాయి ఆడపిల్లవి, నీ కడుపు పాడైపోతాదని టాంకరు నీరు పోసినాను. మా కోడలు వద్దంటే దాన్ని తిట్టినాను కూడాను."

"నానూ అదే పోసినాను," అంది లీలారాణి.

"మేమూ అంతే," అన్నారు వెనక నుంచి ఒకరి తర్వాత ఒకరు.

"అయితే గవర్నమెంటు నీరే గవర్నమెంటుకి అప్పసెప్పినారన్న మాట! సదువుకోని తెలివంటే మీదేనే అత్తా!" అన్నాడు పడవ మీద పనిచేసే నాగబాబు. అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరే ఆగిపోయారు. ఇంటికొచ్చిన పిల్లకి విషం ఇవ్వలేకపోయినందుకు మేమే విషం తాగాలన్నమాట.

"కథలు చెప్పకండి. రిపోర్టు రిపోర్టే," అన్నాడు ఇంజినీరు.

అప్పుడు షీబా తలెత్తింది. "నా రిపోర్టులో అబద్ధం లేదు సార్. సీసాలో ఉన్నదే రాశాను. కానీ ఆ సీసాల్లో ఈ ఊరు లేదు. నేను బోరు దాకా నడవాల్సింది."

జీపులోంచి చిన్న పెట్టె తీసింది. ఒక గాజు గొట్టంలో టాంకరు నీళ్ళు, ఇంకోదాంట్లో బోరు నీళ్ళు పోసి, రెండింట్లోనూ పొడి వేసి కదిపింది. ఊరు ఊరంతా మూగింది.

విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ ల్యాబులో, ఒక్క బొట్టు పడగానే నీళ్ళు రంగు మారడం మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. కంటికి ఆననిదాన్ని పిలిస్తే పలుకుతుందా అనిపించింది. పెళ్ళయ్యాక ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు నా చుట్టూ అందరూ అదే చూస్తున్నారు.

టాంకరు నీళ్ళు తేటగానే ఉన్నాయి. బోరు నీళ్ళు లేత గులాబీ అయ్యి, ముదిరి, మందార రంగుకొచ్చాయి.

"ఒలమ్మో, నెత్తురు సుక్కలాగున్నాది!"

లీలారాణి ఆ గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూసింది. "మా ఆయన కిడ్నీలు తినేసింది ఇదేనా అమ్మా?"

"తెలీదక్కా. ఈ రంగు నైట్రేటు ఒక్కదాని గురించే చెప్తుంది. ఈ నీళ్ళు తాగకూడదని చెప్తుంది. ఆయనకి జబ్బు ఎందుకొచ్చిందో చెప్పదు. అది తేల్చాలంటే ఇంకా ఎన్నో పరీక్షలు చెయ్యాలి."

"మరెందుకు సెయ్యరు?"

షీబా ఆమె చేతిలోంచి గొట్టం తీసుకుంది. అబద్ధం చెప్పి ఓదార్చడం ఆ పిల్లకి ఎంత తేలికో నాకు తెలుసు. ఆమె చెప్పలేదు.

"రోడ్డు మీద రంగులాటలకి విలువ లేదు. జీపెక్కు," అన్నాడు ఇంజినీరు. ఎవరికో ఫోను చేశాడు.

"పదండ్రా, కంపెనీ మురుగు గొట్టం పగలగొట్టేద్దాం!" నాగబాబు అరిచాడు. కుర్రాళ్ళు కదిలారు.

మరిడమ్మ అడ్డం నిలబడింది. "ఆగరా ఎదవా! ఆళ్ళకి గావాల్సిందదే. నిన్ను లోపలేసి, ఊరు మొత్తం రౌడీలని రాసేస్తారు. ఈ టాంకరు కదలకూడదు. సీసాలు మళ్ళీ నింపాల. ఈపాలి బోరు కాడ, అందరి ముందరా."

దానికి రెండు వీధులూ సరేనన్నాయి. మగవాళ్ళు టాంకరు చక్రాల ముందు కూర్చున్నారు. డ్రైవరు ఎల్లాజీ ఇంజిను ఆపి, "నానేటి సేత్తాను బాబూ, ముందర మనుసులున్నారు," అన్నాడు. బోరు దగ్గర షీబా ఒక్కో సీసా కడిగి నింపించింది, మూత బిగించింది.

పోలీసులు వచ్చారు. ఎస్సై మాట వినలేదు, రంగు చూడలేదు. సీసాల మూతలు తీయించి అన్నిటినీ ఇసకలో ఒంపించాడు. ఆ తడి చూస్తుండగానే ఇంకిపోయింది. షీబాని జీపులో కూర్చోబెట్టారు. మరిడమ్మనీ నాగబాబునీ వ్యానులోకి తోశారు.

"నా సంగతొగ్గీండి, సీసాలు నింపండే!" వ్యాను కిటికీలోంచి మరిడమ్మ కేక వినిపించింది.

కానిస్టేబుళ్ళు చక్రాల ముందున్న మగవాళ్ళని లాగేశారు. ఎల్లాజీని ఇంజిను వెయ్యమన్నారు.

అప్పుడు చర్చి వీధిలోంచి గోడ పట్టుకుంటూ స్టాన్లీ వచ్చాడు. ఉబ్బిన కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి ముందు చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

"లేవయ్యా, జబ్బుమనిషివి," అన్నాడు కానిస్టేబులు.

"జబ్బుమనిసినే బాబూ. నాను లేవలేను. మీరే ఎత్తాల. నెమ్మదిగా ఎత్తండి, ఈ సెయ్యి పట్టుకోకండి, సూదులు గుచ్చే సెయ్యది."

కానిస్టేబులు వంగాడు, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. లీలారాణి వెళ్ళి మొగుడి పక్కన కూర్చుంది. మరిడమ్మ కోడలు ఖాళీ సీసాలు ఏరుకుని బోరు వైపు నడిచింది. నలుగురు ఆడవాళ్ళు ఆమె వెంట వెళ్ళారు.

నేను పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాను. ఈపాటికి మాడిపోయే ఉంటుంది, పోనీ అనుకుని, లీలారాణి పక్కన కూర్చున్నాను.