మన ఇల్లు, మా ఇల్లు

ఆ ఊళ్లో ఇల్లు కొనాలన్నా, ఉన్న ఇల్లు అమ్ముకోవాలన్నా మనక్కకు కబురు పెట్టాల్సిందే. ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఇల్లు చూపించడానికి తీసుకెళ్లి, వచ్చినవాళ్లు గుమ్మంలో చెప్పులు విడవక ముందే "ఇది మన హాలు, ఇటు మన వంటిల్లు, వెనక మన పెరడు" అని మొదలుపెట్టేది. ఇంకా బేరమైనా ఆడనివాళ్లకు అప్పటికే ఒక పెరడు వచ్చేసేది. పక్కన నిలబడ్డ అసలు ఓనరు, తన ఇంట్లో తనకే వాటా పోయినట్టు మొహం పెట్టేవాడు. అలా ఆవిడ మనక్క అయింది.

అలాగని మాయమాటలు చెప్పి అంటగట్టే రకం అనుకునేరు, అదేం కాదు. "వానాకాలంలో మన పైకప్పు ఈ మూల కాస్త కారుతుంది" అని కూడా ఆ నోటితోనే చెప్పేది. కారే కప్పు కూడా మనదే అనేసరికి వినేవాళ్లకు కోపం రాక, బాగుచేయించే మేస్త్రీ గుర్తొచ్చేవాడు. "మా" అంటే వినేవాడు గుమ్మం బయట ఉండిపోతాడు, "మన" అంటే లోపలికొచ్చి కూర్చుంటాడు. ఈ ముక్క పాలుతాగే పిల్లకైనా తెలుసు. దాని మీద సంసారం నడపొచ్చని మాత్రం మనక్కకే తోచింది.

ఊరి చివర పెద్ద ఆసుపత్రి కడుతున్నారని తెలిసినప్పటినుంచి ఇళ్ల ధరలకు రెక్కలొచ్చాయి. మంగలి ఒక చెంప గీసి, రెండో చెంప నురగతో వదిలేసి, గజం ఎంత పలుకుతోందో లెక్చరిచ్చేవాడు. టైలరు కొలతలు తీసుకుంటూనే తన కొట్టు వెనక జాగా ఎంత ఉందో చెప్పుకునేవాడు. మనక్కకు చేతినిండా పని. ఆ సంతోషంలో ఉండగానే బట్టలకొట్టు ఓనరమ్మ వచ్చి చల్లగా ఒక మాట చెప్పి వెళ్లింది.

ఓనరమ్మ అంటే మనక్క అద్దెకుంటున్న ఇంటికి ఓనరమ్మ. "కొట్టు పెద్దది చెయ్యాలనుకుంటున్నాను. ఈ ఇల్లు అమ్మేద్దాం. సిమెంటుకొట్టాయన అడుగుతున్నాడు గానీ, ఆయన పడగొట్టి లాడ్జి కడతాడట. నా పెళ్లికి ముందు నేను తిరిగిన ఇల్లు, పడగొట్టడం నాకిష్టం లేదు. నువ్వు అమ్మిపెడితే ఎవరైనా సంసారపక్షంవాళ్ల చేతిలో పడుతుంది. నెలాఖరుదాకా చూద్దాం" అంది. "అలాగేనండి" అంది మనక్క. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆవిడకే అనుమానం వేసింది.

పెద్ద ఇల్లేం కాదు. కింద వరసగా మూడు గదులు, వెనక పెరట్లో కుళాయి, బయటినుంచి మెట్లు, పైన ఒకే ఒక గది, దాని ముందు డాబా. పైగదిలో ఓనరమ్మ పాత సామాను ఉంటుంది. ఏ రకంగా చూసినా ఊళ్లో ఇంతకన్నా మంచి ఇళ్లున్నాయి, అవన్నీ మనక్కే అమ్మింది. మనక్క బాధ ఇల్లు కాదు, అత్తగారు.

అత్తగారికి చూపు బాగా తగ్గిపోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. అయినా ఆ ఇంట్లో ఆవిడ నడుస్తుంటే చూపు లేదని చెబితే నమ్మరు. అరచెయ్యి గోడకు ఆనించి, హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి కుళాయి దగ్గరికి, మహారాణిలా తిరుగుతుంది. టీ తనే కాచుకుంటుంది. మనక్క వేరే అద్దె ఇళ్లు చూడకపోలేదు. ఒకచోటికి అత్తగారిని తీసుకెళ్లి చూపిస్తే, ఆవిడ గుమ్మానికి నుదురు కొట్టుకుంది. ఇంకోచోట గది మధ్యలో నిలబడిపోయి, "ఏమే, నన్నెక్కడైనా కూర్చోబెట్టు" అంది. ఇంటికొచ్చాక మనక్క పెరట్లోకెళ్లి ఏడ్చింది. ఊరందరికీ ఇళ్లు చూపించే తనకు ఒక్క ఇల్లు దొరకలేదంటే ఎవరికి చెప్పుకోవాలి.

మొగుడు బజార్లో తాళాలు బాగుచేస్తాడు. మాటలు తక్కువ మనిషి. "కొనడానికొచ్చినవాళ్లకి ఇల్లు బాగోలేదని చెప్పెయ్యి, పోతారు" అన్నాడు.

"పోయి? సిమెంటుకొట్టాయన గునపం పట్టుకొస్తాడు. అయినా ఓనరమ్మ నన్ను నమ్మి ఇచ్చింది. ఉన్న ఇంటిని బాగోలేదని ఎలా చెప్పనండీ?"

"అయితే బాగుందని చెప్పి అమ్మెయ్యి."

"అమ్ముతాను. అద్దెకున్నది నేనేనని మాత్రం ఊరికి కొత్తవాళ్లకు చెప్పను. బ్రోకరే అద్దెకుంటే ఖాళీ చేస్తుందో చెయ్యదో అని జనానికి భయం. ఎవరూ ముందుకు రారు."

ఆ లెక్క ప్రకారం ఇంట్లో రిహార్సల్సు మొదలయ్యాయి. మొగుడు ఆ పూట కొట్టు దగ్గరే ఉండాలి. అత్తగారు అద్దెకున్న పెద్దావిడ. మనక్క ఎవరో ఆవిడకు తెలీదు. "రేపొక్క పూట నేను మీ కోడల్ని కాదత్తయ్యా" అని మనక్క చెబితే, "ఒక్క పూటేనా" అంది అత్తగారు.

చూడ్డానికొచ్చింది నర్సమ్మ. ఒక పక్క అప్పటికే తెరిచిన ఆ కొత్త ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి పై ఊరినుంచి వచ్చిన మనిషి, ముప్ఫై అయిదు దాటి ఉంటాయి, ఒంటరి. మనక్క అప్పటికే ఆవిడకు ఊళ్లో సగం ఇళ్లు చూపించింది. అన్నీ చూసి "బాగుందండీ" అనడం, మర్నాడు "ఇంకోటేమైనా ఉందా" అని అడగడం. ఆవిడకేం కావాలో ఆవిడకైనా తెలుసా అని మనక్క విసుక్కుంది కూడా. ఇదిగో, ఇంకోటి ఇదే.

గుమ్మంలో అడుగుపెట్టగానే అత్తగారు కుర్చీలోంచి గొంతు సవరించుకుంది. "ఎవరమ్మా మీరు?"

"నేను బ్రోకర్నండీ. ఇల్లు చూపించడానికి తీసుకొచ్చాను."

"ఓహో, ఆ మనక్క మీరేనా. రండి రండి. మా కోడలు ఇంట్లో లేదు. ఎప్పుడుంది గనక. తెల్లారితే ఊరి మీద పడుతుంది."

మనక్క పళ్లు నూరుకుంది. "పాపం, పనేదో ఉండి ఉంటుంది లెండి."

"ఉంటుంది. మంచి పిల్లే, నేను కాదనను. కాకపోతే డాక్టరు చెప్పాడని నా టీలో చక్కెర వెయ్యదు. మీరు నలుగురిలో తిరిగే మనిషి, ఎప్పుడైనా కనిపిస్తే కాస్త చెప్పండి."

నర్సమ్మ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. మనక్క ఆవిడను గబగబా వంటింట్లోకి లాక్కుపోయింది. అక్కడినుంచి ఎప్పటిలాగే చూపించడం మొదలుపెట్టింది. పని పనే కదా, నోరు దానంతటది నడుస్తుంది. "ఇది వంటిల్లు. మా కిటికీ ఉత్తినే తోస్తే రాదు, కాస్త పైకెత్తి తొయ్యాలి" అని ఎత్తి తోసింది. "పొద్దున ఎండ సరిగ్గా మా పొయ్యి మీదికొస్తుంది. ఇదిగో, మా గోడ ఇక్కడ నున్నగా అయిపోయింది చూడండి, చెయ్యి ఆనించి ఆనించి. మా కుళాయి తెల్లవారుజామున సన్నగా వస్తుంది, తర్వాత బాగా వస్తుంది." పెరడు చూపించింది, మెట్లెక్కించింది, పైగది చూపించింది, డాబా చూపించింది. ఒక్క లోపం దాచలేదు. బాగానే చూపించానని లోపల్లోపల అనుకుంది కూడా.

డాబా మీద నర్సమ్మ ఆగిపోయింది. "అక్కా, ఒకటి అడగనా. ఇన్ని ఇళ్లు చూపించారు. ప్రతిదీ మన ఇల్లు, మన ఇల్లు అన్నారు. పాముల పుట్ట పక్కన పాడుబడ్డ కొంప చూపించి, అది కూడా మన కొంపే అన్నారు. ఈ ఇంట్లోకొచ్చాక ఒక్కసారి కూడా మన అనలేదు. అన్నీ మా, మా. ఎందుకు?"

మనక్క తను అన్నవన్నీ వెనక్కి తలుచుకుంది. మా కిటికీ, మా పొయ్యి, మా గోడ. ఇన్నేళ్ల వృత్తిలో ఎప్పుడూ జారని నోరు, సొంత గుమ్మం దాటగానే జారింది. ఇంక దాచి లాభం లేదనుకుంది. మెట్ల మీద చతికిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అత్తగారి చూపు సంగతీ, గోడ సంగతీ, గుమ్మానికి కొట్టుకున్న నుదురు సంగతీ అన్నీ చెప్పింది. "అయినా మీరేం భయపడకండి. మీరు కొంటే ఖాళీ చేస్తాం. మాట తప్పే మనుషులం కాదు" అని ముక్కు తుడుచుకుంది.

నర్సమ్మ "రేపో ఎల్లుండో చెబుతాను" అని దిగి వెళ్లిపోయింది.

కింద అత్తగారు దిగులుగా కూర్చుని ఉంది. "నేను బాగానే చేశాను కదే. చెడగొట్టింది నువ్వే."

"నేనేనత్తయ్యా" అంది మనక్క, "మీరు మరీ బాగా చేశారు."

రేపు పోయింది, ఎల్లుండి పోయింది. నర్సమ్మ జాడ లేదు. మనక్క బట్టలకొట్టుకెళ్లి, వచ్చిన బేరాన్ని చేతులారా పాడుచేసుకున్నానని ఓనరమ్మతో చెప్పేసింది. ఓనరమ్మ తిట్టలేదు. చీర మడతపెడుతూ, "సిమెంటుకొట్టాయన సోమవారం వస్తానన్నాడు. నేను మాత్రం ఎన్నాళ్లని ఆగను" అంది. ఆవిడ తప్పేం లేదు. మనక్క తిరిగొస్తూ దారిపొడుగునా ఇళ్లు చూసుకుంటూ వచ్చింది. ఇది నేను అమ్మిందే, అదీ నేను అమ్మిందే అనుకుంటుంటే కళ్లు మసకలు కమ్మాయి.

గేటు తీసేసరికి వంటింట్లోంచి అత్తగారి గొంతు వినపడింది.

"ఇదమ్మా మన వంటిల్లు. ఇదిగో, చెయ్యి ఇలా పెట్టు, ఇక్కడినుంచి గోడే నిన్ను తీసుకెళ్తుంది. ఇటు మన పెరడు. మన కిటికీని గదమాయిస్తే రాదు, బతిమాలాలి."

మనక్క గుమ్మంలో నిలబడిపోయింది. అత్తగారి వెనకాలే, కళ్లు మూసుకుని, అరచెయ్యి గోడకు ఆనించి నర్సమ్మ నడుస్తోంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫాం ఇంకా మార్చుకోలేదు. పొయ్యి పక్కన రెండు టీ గ్లాసులున్నాయి. అడుగున చక్కెర కనపడుతూనే ఉంది.

"ఏంటిది?" అంది మనక్క.

అత్తగారు తడుముకోలేదు. "ఇల్లు చూపిస్తున్నాను. నీకు చేతకాలేదుగా."

నర్సమ్మ కళ్లు తెరిచి నవ్వింది. తర్వాత నవ్వు ఆపుకుని చెప్పింది. "నేను హాస్టళ్లలో పెరిగానక్కా. ఉద్యోగాలొచ్చాక కూడా హాస్టళ్లే. మీరు చూపించినవన్నీ మంచి ఇళ్లే. కానీ తాళం తీసి లోపలికెళ్తే నా గొంతే నాకు తిరిగి వినపడేది. మీరు మన మన అంటుంటే ముచ్చటగానే ఉండేది. చివరికి తాళం వేసుకుని మీ దారిన మీరు పోతారు కదా, అప్పుడు మనలో మిగిలేది నేనొక్కదాన్నే. ఆ రోజు మీరు మా ఇల్లు అంటుంటే నిజంగా ఏడుపొచ్చింది. మీ మీద కోపం కూడా వచ్చింది. ఇలాంటి ఇంట్లోంచి మిమ్మల్ని పంపేసి నేనొక్కదాన్నీ ఇక్కడ ఏం చేసుకోను?"

మనక్క పొయ్యి పక్కనున్న టీ గ్లాసు తీసి, మళ్లీ అక్కడే పెట్టింది.

"పైగది నాకు చాలు. రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకునేదాన్ని, నాకు కింద ఇల్లెందుకు? మీరు వచ్చేలోగా ఓనరమ్మగారికి ఫోను చేసి నేనే కొంటానని చెప్పేశాను. మీరు ఎలా ఉన్నారో అలా ఉండండి. ఒక్కటే అడుగుతాను. తెల్లారి నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గేటు తీసి ఉంచండి. తాళం తీసుకుని చీకటింట్లోకి వెళ్లడం నావల్ల కాదిక."

మనక్క ఆవిడను పట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే, "పైగది కప్పు ఈశాన్యం మూల కారుతుంది, ఆ రోజు చెప్పాను కదా" అని మళ్లీ చెప్పింది. సాయంత్రం ఇంటికొచ్చిన మొగుడు అంతా విని, "తాళాలవాడి ఇంటికే తాళం వద్దంటే ఇంక నా వ్యాపారం సాగినట్టే" అన్నాడు. అతను అంత పొడుగు మాట మాట్లాడి చాలాకాలమైంది. మర్నాడు గేటుకున్న పాత గడియ విప్పి, శబ్దం చెయ్యని కొత్త గడియ బిగించాడు.

తర్వాత అంతా సాఫీగా జరిగిపోయింది. సిమెంటుకొట్టాయన ఇంకో వీధిలో లాడ్జి మొదలుపెట్టాడు, ఆ స్థలం కూడా మనక్కే చూపించింది. నర్సమ్మ పైగదికి సున్నం వేయించి, కారే మూల బాగుచేయించుకుంది. అత్తగారి టీలో చక్కెర గురించి ఇద్దరూ రోజూ వాదించుకుంటారు. నర్సు కదా, ఇప్పుడు ఆవిడ కూడా మనక్క పక్షమే. అత్తగారు మోసపోయానంటుంది.

ఒక ఆదివారం పొద్దున మనక్క వంటింట్లో ఉండగా గేటు దగ్గర స్కూటరు ఆగింది. నర్సమ్మ తలంటుకుని మెట్ల మీద జుట్టు ఆరబెట్టుకుంటోంది. వచ్చినాయన గేటు మీదినుంచి అడిగాడు. "ఈ ఇల్లు అమ్మకానికుందని విన్నానండీ. చూడొచ్చా?"

"లేదండీ" అంది నర్సమ్మ. "ఇది మా ఇల్లు."

మనక్క చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ మాటకు ఎవరు బయటుంటారో, ఎవరు లోపలుంటారో ఆవిడకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలీదు. గేటు బయట స్కూటరాయన ఉన్నాడు. లోపల నర్సమ్మ ఉంది, కుర్చీలో అత్తగారు ఉంది, పెరట్లో మొహం కడుక్కుంటున్న మొగుడు ఉన్నాడు, పొయ్యి దగ్గర తను ఉంది. స్కూటరు వెళ్లిపోయింది.

"ఏమే, ఎవరిదా గొంతు?" అని హాల్లోంచి కేకేసింది అత్తగారు.

"ఇంకెవరిది అత్తయ్యా" అంది మనక్క, "మనమ్మాయిదే."