కుడితిలో కలిసిన గొంతు

సకీనాబీ ఇంట్లో పొద్దున్నే మొదటి పని బియ్యం కడగడం. కశింకోట నుంచి వచ్చిన వడ్లను మిల్లులో రెండు పట్లు పాలిష్ పట్టించి, తవుడంతా వేరు చేయించి, మల్లెపువ్వుల్లాంటి ఆ బియ్యాన్ని నీళ్ళు తేటపడేదాకా పిసికి పిసికి కడిగేది. అన్నం ఉడికాక గంజి వార్చేది. తవుడూ, కడుగునీళ్ళూ, గంజీ కలిపి పెరట్లో గేదెకి కుడితి పెట్టేది. అనకాపల్లిలో అంత తెల్లటి అన్నం తినే ఇల్లు మరొకటి లేదని ఆవిడ గొప్ప. అంత నిగనిగలాడే గేదె కూడా మరొకటి లేదు. ఆ సంగతి గురించి మాత్రం ఆవిడెప్పుడూ ఆలోచించలేదు.

కోడలు జరీనా బాలింత, బిడ్డకి మూడో నెల. ఆ పిల్లతల్లి కంచంలో తెల్లన్నమూ వెల్లుల్లి కారమూ తప్ప మరొకటి పడేది కాదు. పప్పు తింటే చీము, ఆకుకూర చలవ, గుడ్డు వేడి. అత్తగారి దగ్గర ప్రతిదానికీ ఒక వంక ఉంది. ముందటేడు పుట్టిన మగబిడ్డ ఇదే వయసులో పోయాడు. "బాలింతవయ్యుండి మామిడిపండు తిన్నావు, నా మనవణ్ణి పొట్టన పెట్టుకున్నావు" అని సకీనాబీ నలుగురిలో అనేసింది. జరీనా తిన్నది ఒక్క ముక్క. ఈసారి ఆడపిల్ల పుట్టాక పథ్యం మరింత బిగించింది.

పిల్ల మాత్రం బంగారం. ఏడుపన్నదే లేదు. "నా మనవరాలు ఎంత నెమ్మదో సూడండి. అచ్చం ఆళ్ళన్నయ్యే" అని సకీనాబీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేది.

అవే రోజుల్లో గేదె పసిపిల్లలా ఏడవడం మొదలుపెట్టింది.

పక్కింటి మీరాబీ గోడ మీంచి తొంగిచూసి, "ఒదినా, మీ గేద ఏటి, ఒకటే ఏడుత్తంది? కాసేపు ఎత్తుకోరాదూ?" అంది.

"ఎత్తుకోడానికి నాది నడుమేటి, దూలమేటి?" అంది సకీనాబీ.

జరీనా మొగుడు ఉస్మాన్ రేకుడబ్బాలు అతికే దుకాణానికి బయల్దేరుతూ, "ఆకలేమోనమ్మా, ఇంకాస్త తవుడెయ్యి" అన్నాడు. వేసింది. ఏడుపు ఇంకా బాగా వినిపించసాగింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ కుడితి పోస్తుండగా గేదె మళ్ళీ ఏడుపందుకుంది. పెరటి గుమ్మంలోంచి జరీనా ఒళ్ళో పిల్ల కనిపిస్తోంది. నోరు బార్లా తెరిచి ఉంది, మొహం కందిపోయింది, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. పిల్ల ఊపిరి కోసం ఆగితే గేదె ఆగింది. పిల్ల నోరు తెరిస్తే గేదె ఏడ్చింది. సకీనాబీ చేతిలో బాల్చీ జారి పడింది.

"యా అల్లా! జరీనా, లెగు, పిల్ల గొంతు గేదలోకి పోయింది!" అంటూ రిక్షా కోసం వీధిలోకి పరిగెత్తింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్ల గుండె విని, ముందు సూదిమందు వేసింది. గేదె సంగతి విని ఏమీ ఆశ్చర్యపోలేదు. "తల్లికేం పెడుతున్నారు?" అని అడిగింది. సకీనాబీ చెప్పింది, కాస్త గర్వంగానే.

"బియ్యం బలమంతా పైపొరలో ఉంటుందమ్మా. బి విటమిన్ అంటాం. మిల్లులో సగం తీయించేశారు, మిగిలింది కడిగేశారు, ఇంకా ఉంటే గంజిలో వార్చేశారు. పోనీ పప్పో, ఆకుకూరో, గుడ్డో పెట్టారా, అదీ లేదు. తల్లి ఒంట్లో లేనిది పాలల్లోకి ఎలా వస్తుంది? ముందు గొంతు పోతుంది, తర్వాత గుండె. బలమంతా గేదెకి పోస్తే గొంతూ అటే పోయింది."

జరీనా పిల్లని భుజానికెత్తుకుని అత్తగారి వైపు తిరిగింది. "అయితే మామిడిపండు కాదా అత్తమ్మా?" అంది.

సకీనాబీకి తల కొట్టేసినట్టయింది. ముందటేడు కూడా గేదె ఇలాగే ఏడ్చిందని అప్పుడు గుర్తొచ్చింది. ఆకలేమోనని తనే తవుడు ఎక్కువ కలిపి పోసింది.

మర్నాటికల్లా పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. సకీనాబీ దంపుడు బియ్యం తెప్పించి, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టింది. పప్పూ, తోటకూరా, గుడ్డూ కోడలి కంచంలో తనే వడ్డించింది. జరీనా తల వంచుకుని తింటోంది. ఒక్క మాట తిట్టినా బాగుండునని సకీనాబీ ప్రాణం కొట్టుకుపోయింది.

అంతలో గేదె ఏడ్చింది.

పిల్ల ఉయ్యాల్లో నిద్రపోతోంది. ఈ గొంతు వేరు, కాస్త బొంగురుగా ఉంది. జరీనా చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. రవిక ముందంతా పాలతో తడిసింది. ఎంగిలి చేత్తోనే పెరట్లోకి పరిగెత్తి, పడుకున్న గేదె పక్కన చతికిలబడి, మెడ చుట్టూ చేతులేసి జోకొట్టసాగింది. ఏడుపు తగ్గి తగ్గి వెక్కిళ్ళలోకి దిగింది. గేదె కళ్ళు మూసుకుంది.

వెనకాలే వచ్చిన సకీనాబీ మట్టిలో కూలబడింది. "నేనే జరీనా, ఆడ్ని సంపుకున్నది నేనే. ఆ పాపం నీ మీదకి తోసేసేను, నలుగురిలో అనేసేను..." అంటూ గొల్లుమంది.

జరీనా వెనక్కి తిరగలేదు.

"మెల్లిగా అత్తమ్మా," అంది. "ఇప్పుడే పడుకున్నాడు."